ఆలస్యానికి కారణం

సైకిలు షాపు మీది రెండు గదుల్లో ఉచిత న్యాయ సహాయం ఆఫీసు ఉండేది. అక్కడి ప్లీడరమ్మకు చుట్టుపక్కల వాళ్లు పెట్టిన పేరు గడువమ్మ. పింఛను ఆగిపోయిందనో, సాయం తిరగ్గొట్టారనో ఎవరు మెట్లెక్కి వచ్చినా, కూర్చోమనడానికి ముందే "గడువెప్పుడు?" అని అడిగేది. ఒక్కరోజు ఆలస్యమైతే మొహం వాచేలా చివాట్లు పెట్టేది.

అలాంటి మనిషే ఇస్త్రీ పెద్దాయన గడువు దాటబెట్టింది.

ఆయన నలభై ఏళ్లు ఇస్త్రీ చేసి బతికినవాడు. పక్షవాతంతో కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. పింఛనుకు అర్జీ పెడితే, ఎడమచేత్తో పని చేసుకోవచ్చని రాసి తిప్పి పంపారు. అప్పీలుకు ముప్పై రోజులు గడువు. ఆయన నాలుగో రోజునే, జోరువానలో, కాగితాలు చొక్కా లోపల పొట్టకు అదుముకుని తెచ్చిచ్చాడు. ఆవిడ వాటిని ఇంకెవరిదో కేసు కట్టలో దూర్చి మరిచిపోయింది. జ్వరం లేదు, ఇంట్లో కష్టం లేదు, చెప్పుకోవడానికి ఒక్క సాకైనా లేదు. యాభై రెండో రోజున కట్ట విప్పితే బయటపడ్డాయి. 

ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకునే వీలుంది. కాకపోతే కారణం రాయాలి. నిజం రాయడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. "అర్జీదారుకు చదువు రాదు. కాగితాలు సమయానికి తెచ్చివ్వలేదు" అని రాసింది. పేదవాడి నిర్లక్ష్యమంటే అధికారులు ఇట్టే నమ్ముతారని ఆవిడకు తెలుసు. చదివి వినిపించనిదే ఎవరిచేతా సంతకం పెట్టించని మనిషి, ఆ రోజు "ఇక్కడ పెట్టు బాబాయ్" అని వేలు చూపించి కిటికీ వైపు తిరిగింది. ఎడమచేత్తో ఆయన సంతకం పూర్తి చేసేసరికి చాలాసేపు పట్టింది.

విచారణ రోజున అధికారి కళ్లజోడు మీంచి చూశాడు.

"ఏమయ్యా, నీ కడుపు నింపే కాగితం నీకే పట్టకపోతే ఇంకెవరికి పడుతుంది? ఇన్నాళ్లూ ఇంట్లో పెట్టుకు కూర్చున్నావా?"

పెద్దాయన ఆవిడ వైపు ఒక్కసారి చూశాడు.

"అవునయ్యా. మతిమరుపు. తప్పు నాదే."

ఆవిడ నోరు తెరవబోయింది. మళ్లీ ఫైల్లోకి తల వంచేసింది. అధికారి ఇంకో నాలుగు చివాట్లు పెట్టి, ఆలస్యం మన్నించి, డాక్టరు కాగితం చదివి పింఛను మంజూరు చేశాడు. కేసు గెలిచారు. ఆవిడకు మాత్రం నిలువునా కూలిపోయినట్టుంది.

"బాబాయ్, ఆ కాగితంలో నేనేం రాశానంటే..." అంది వరండాలో.

"చదివానమ్మా. బట్టల చీటీలు చూసీ చూసీ అబ్బిన చదువు. కూడబలుక్కుంటాను. సంతకానికి అంతసేపెందుకు పట్టిందనుకున్నావు?"

"మరి కాదనలేదేం?"

"నన్ను తిడితే దులుపుకుపోతాను. అక్కడ నీ మాట పోతే, రేపు మాలాంటి వాళ్ల తరఫున నువ్వు నోరెత్తితే ఎవడు వింటాడు?"

కోప్పడినా బాగుండేది. 

తెల్లారి ఆవిడ జరిగిందంతా రాసి అధికారికి ఇచ్చింది. ఆయన చదివి, మడిచి, తిరిగి ఆవిడ ముందుకే తోశాడు.

"ఇది ఫైల్లో పడితే ఆయన అర్జీ అబద్ధమవుతుంది. పింఛను ఆగుతుంది. మీ మనశ్శాంతి కోసం ఆయన నోటిదగ్గరి కూడు లాగెయ్యమంటారా? తీసుకెళ్లండి."

అప్పటినుంచి ఆవిడ పెద్దాయన పాత ఇస్త్రీ బండి ఉండే వీధి తగలకుండా చుట్టుతిరిగి వెళ్లేది. చివరికి పెద్దాయనే మెట్లెక్కి వచ్చాడు, తన పక్కింట్లో ఉండే, పింఛను ఆగిపోయిన గిన్నెలు తోమే ఆమెను వెంటబెట్టుకుని.

"మా ప్లీడరమ్మ బంగారం. కాగితాలిచ్చెయ్" అన్నాడు ఆమెతో.

"ఉండమ్మా, ముందు నేను చెప్పేది విను" అని ప్లీడరమ్మ తన తప్పంతా పూసగుచ్చినట్టు చెప్పింది. పెద్దాయన "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అని విసుక్కుంటూనే ఉన్నాడు.

 గిన్నెలు తోమే ఆమె కాగితాలు బల్ల మీద పెట్టింది.

"సర్లెండమ్మా. మాకు మాత్రం ఇంకెవరున్నారు?"