బుడగ రాని పంచరు

మా చిన్నప్పుడు... సాయంత్రం పూట మా ఇంటి ముందు బేసిను నిండా నీళ్ళు కనిపిస్తే, అమ్మ సైకిలుకు వైద్యం జరుగుతోందన్నమాట.

టైరు ఊడదీయడానికి ఆమెకు రెండు పాత చెంచాలు చాలు. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, కొంచెం కొంచెంగా నీళ్ళలో ముంచి తిప్పేది. బుడగ లేచిందా... అక్కడ వేలు పెట్టి పట్టుకునేది. తుడిచి ఆరబెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, పాత ట్యూబు ముక్క అతికించేది. పక్కన కూర్చుని పానా అందించేది నేను.

మాది రాయచూరు దగ్గర చంద్రబండ. అమ్మ పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. పోను నాలుగు కిలోమీటర్లు, రాను నాలుగు. శక్తినగర్ కాలనీలో ఒక నర్సమ్మ బదిలీ మీద పోతూ అమ్మేసిన లేడీస్ సైకిలు నాయన తెచ్చిచ్చాడు. అమ్మ నెల రోజుల్లో నేర్చుకుంది. పంచరు దుకాణం ముందు ఎప్పుడూ మగవాళ్ళు కూర్చుని ఉంటారని అటు పోయేది కాదు... చైనుకు నూనె, బ్రేకు రబ్బర్లు, పంచర్లు, అన్నీ ఇంట్లోనే.

అప్పటికి మా ఊళ్ళో సైకిలెక్కిన పెళ్ళైన ఆడమనిషి అమ్మ ఒక్కతే. చీర కుచ్చిళ్ళు నడుముకు దోపుకుని, రిజిస్టర్ల సంచి భుజాన వేసుకుని, మా బడి ముందు నుంచే పోయేది. నేనప్పుడు ఆరో తరగతి. ఒకరోజు కిటికీ పక్కనున్న పిల్ల "టపాల్ బంతు!" అని కన్నడలో అరిచింది. పోస్టొచ్చిందని. క్లాసంతా ఒకటే నవ్వు. మర్నాటి నుంచి నా పేరు కూడా పోయి 'టపాలు పిల్ల' అయి కూర్చున్నాను.

తల కొట్టేసినట్టయ్యేది. కోపం కూడా వచ్చింది... నవ్విన వాళ్ళ మీద కాదండీ, అమ్మ మీద! అందరి అమ్మల్లాగా నడిచి పోవచ్చు కదా అని. ఆ సైకిలు మీద ఆమెకే విసుగొచ్చి మూలన పెట్టేయాలి... అదీ నా ఎత్తు.

అమ్మ దగ్గర నేర్చుకున్న పనే అమ్మ మీద చేశాను.

పొద్దున ఆమె గాలి కొట్టి, వాల్వు మూతి మీద ఉమ్ము రాసి చూసేది. బుడగ రాకపోతే గాలి పోవడం లేదని లెక్క. నమ్మకం కుదిరాక చీర కట్టుకోవడానికి లోపలికి పోయేది. ఆ సందులో నేను వాల్వు మీది నట్టు కాస్తంత వదులు చేసేదాన్ని. గాలి ఒక్కసారే పోదు. సగం దారి దాటాక చక్రం దిగిపోయేది. పాపం, తోసుకుంటూ పోయి, సాయంత్రం తోసుకుంటూ వచ్చేది. ఆమె కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోగానే నేను గబగబా నట్టు బిగించేసేదాన్ని.

ఇక మళ్ళీ బేసిను... ట్యూబంతా ఒక చుట్టు ముంచేది, రెండు చుట్లు ముంచేది. బుడగ రాదు. ఎట్లా వస్తుంది?

"నువ్వు చూడు బిడ్డా, నా కండ్లకు కనిపిస్తలేదు" అనేది.

నేను నీళ్ళ మీదికి వంగి వెతికేదాన్ని! లేని బొక్క కోసం! ఎంత శ్రద్ధ నటించానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

వారానికి రెండు మూడు సార్లు చొప్పున నెల రోజులు ఇదే భాగోతం. అమ్మ వాల్వు రబ్బరు మార్చింది. ముల్లేదైనా ఉందేమోనని టైరు లోపలంతా తడిమి వేలు కోసుకుంది. ఆఖరికి ట్యూబే కొత్తది వేసింది. అదీ దిగిపోయింది... దించింది నేనే కదా.

ఆమె ఆలస్యంగా పోయిన రోజుల్లో రెండుసార్లు సూపర్‌వైజరమ్మ ముందే వచ్చి ఉంది. తాళం వేసిన గది ముందు పిల్లలు ఎండలో కూర్చున్నారట. మూడోసారి ఇట్లాగే అయితే పైకి రాస్తానందట. ఆ సాయంత్రం అమ్మ బేసిను దించలేదు. నాయనతో మెల్లగా అంది...

"నాతోని అయితలేదు. నాకు రిపేరి చేతగాదు. నడుస్కుంట పోత."

అప్పుడైనా నోరు తెరవచ్చు కదా... తెరవలేదు. పైగా హమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆమె ఏడింటికే ఇల్లు వదిలి నడిచిపోయేది. నేను ఎనిమిదో తరగతికి హైస్కూలుకొచ్చాక ఆ సైకిలు నాకిచ్చారు. చక్కగా నడిచింది. "నా బిడ్డ చేతిల ఎంత మంచిగుంది చూడుండ్రి" అని అమ్మ వాడకట్టులో అందరికీ చెప్పుకునేది. నేను నవ్వేదాన్ని... ఎట్లా నవ్వానో ఏమో.

ఇప్పుడు అమ్మ రిటైరై రాయచూరులో మా దగ్గరే ఉంది. మొన్న ఆదివారం మా పాప సైకిలు పంచరైంది. "అవ్వా, నువ్వు చూస్తవా?" అని అడిగింది. అమ్మ చేతులు వెనక్కి తీసుకుని, తనకు చేతగాదని, దుకాణంలో ఇవ్వమని చెప్పింది.

ఆ మాటతో ఇక ఆగలేకపోయాను. అక్కడే మెట్ల మీద కూర్చుని అంతా చెప్పేశాను... నట్టు సంగతి, బడిలో నవ్విన సంగతి, ఆమెను చూసి సిగ్గుపడిన సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అంటే... నేను చేసింది సరిగనే ఉండెనా?" అని అడిగింది.

"సరిగనే ఉండె అమ్మా... అన్నిసార్లూ సరిగనే ఉండె" అన్నాను. ఆమె ముఖం చూడలేకపోయాను.

ఈ రోజుల్లో పొద్దున్నే మా వీధిలోంచి టీచరమ్మలు, నర్సమ్మలు స్కూటీల మీద బర్రున పోతారు. ఎవరూ తిరిగి కూడా చూడరు. అప్పుడూ ఇట్లా ఉంటే ఎంత బాగుండేది...

మీ ఊళ్ళో మొదట సైకిలెక్కిన ఆమె ఎవరో గుర్తుందా? కింద రాయండి, అమ్మకు చూపిస్తాను. ఆమెను చూసి మీరూ నవ్వి ఉంటే... అదీ దాచకండి.