గుంటకు కాపలా

ఐదో తరగతిలో బడి నన్ను మానేసింది. ఆ తర్వాత నాకు దొరికిన పనులన్నిట్లో పెద్ద ఉద్యోగం ఏదంటే, గుంటకు కాపలా. కోట ఊరు దాటి సముద్రం వైపు పోతే, గాజు ఫ్యాక్టరీల కోసం తెల్ల ఇసుక తవ్వుకుపోయిన గుంట ఒకటుంది. పని ఆగిపోయినాక కంపెనీ యంత్రాలను తోలుకుపోయి, గుంటనూ నన్నూ వదిలేసింది. ఏం చేస్తావని ఎవరన్నా అడిగితే, "గుంటను ఎవరూ ఎత్తుకుపోకుండా చూస్తుంటా" అనేవాణ్ణి. నా మొహం చూసి ఇంతకంటే విలువైంది ఎవరు అప్పజెబుతారు?

ఆ గుంట అడుగున ఒక మూల, మోకాటి లోతు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరేవి. పక్కనే చేపలు పట్టేవాళ్ళ పాళెం. వాళ్ళ బోర్లన్నీ ఉప్పు. ఆడవాళ్ళు పొద్దున్నే దిగి, ఆ చెలమలో కొబ్బరి చిప్పతో నీళ్ళు తోడి బిందెలు నింపుకొని, కుక్కలు మూతి పెట్టకుండా తాటాకు కప్పి పోయేవాళ్ళు. వాళ్ళలో పెద్దామెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. మొదటి చెంబు నాకే పోసేది. "నువ్వు చస్తే కంపెనీవోళ్ళు ఇంకొకణ్ణి పంపిస్తారు. వాడు మమ్మల్ని దిగనియ్యకపోతే?" అనేది. నా మీద ప్రేమ అంతే.

మొన్న ఎండాకాలంలో కంపెనీ మేనేజరు కబురు తెచ్చినాడు. గుంటను కరెంటు ఫ్యాక్టరీ బొగ్గు బూడిదతో పూడ్చి, పైన మట్టి పోసి, సర్వి మొక్కలు, అదే సరుగుడు, నాటాలంట. ముందు పొల్యూషన్ ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చి చూసి పోతుంది. జనం తాగే నీళ్ళు ఉంటే మాత్రం బూడిద పోయకూడదు, అది రూలు. నేను పాళెంలోకి పరిగెత్తి అక్కకు చెప్పినాను. "మేడం మన చెలమ చూడాల. ఆమె చూస్తేనే ఈ నీళ్ళు మనకు మిగిలేది."

"చూడనీలేబ్బా. శుభ్రంగా పెడతాం" అనింది.

పెట్టినారు. నేను రోడ్డు మీద జీపు కోసం నిలబడి ఉంటే, వీళ్ళు చెలమలోని నీళ్ళన్నీ తోడేసి, మేడం కాలు దిగబడుతుందేమోనని పైనుంచి పొడి ఇసుక మోసుకొచ్చి నింపి, గట్టిగా తొక్కి, చీపురుతో ఊడ్చినారు. తాటాకు కూడా చెత్తలాగా ఉందని తీసేసినారు. పాత చీరల్లో మేడం కంట పడటం బాగుండదని అందరూ ఇళ్ళకు పోయినారు.

మేడం దిగింది. మంచిమనిషే. "నువ్వెవరు?" అని అడిగింది.

"గుంట పారిపోకుండా చూసేవాణ్ణి మేడం."

నవ్వింది. మేనేజరు కూడా నవ్వినాడు. కట్టలు చూసింది, కంచె చూసింది, వాలు కొలిపించింది. చివరికి "ఇక్కడ నీళ్ళు ఎవరన్నా వాడతారా?" అనింది.

"పాళెమంతా ఈ మూలలోనే తాగుతుంది మేడం."

ఆమె ఆ మూల చూసింది. చీపురు గీతలు తప్ప ఏమీ లేవు.

"వాడు ఊరికే జోకులేస్తుంటాడు మేడం" అన్నాడు మేనేజరు.

నేను మోకాళ్ళ మీద కూర్చొని చేతులతో తవ్వినాను. పొడి ఇసుక. తవ్వేకొద్దీ జారి మళ్ళీ గుంతలోకే. ఆమె ఎండలో నిలబడే ఉంది పాపం, వెళ్ళిపోలేదు. చాలాసేపటికి తడి తగిలింది. పిడికిట్లో తీసి చూపించినాను.

"చెమ్మ ఏ ఇసుకలోనైనా ఉంటుంది కదయ్యా" అనింది మెల్లగా. ఇంకో చోటికి పోవాలంట. జీపు వెళ్ళిపోయింది.

నేను అట్నే కూర్చున్నా. బాధ లేదు, కోపం లేదు. గోళ్ళ సందుల్లో ఇసుక, అంతే. కాసేపటికి గుంత అడుగున నీళ్ళు ఊరినాయి. ముందు మడ్డిగా, తర్వాత తేటగా. తాగలేదు. మొహం కడుక్కోలేదు. తాటాకు వెతికి తెచ్చి కప్పినాను, కుక్కలు వస్తాయని.

తర్వాత లారీలు వచ్చినాయి. బూడిద దించుతుంటే గేటు తీసింది నేనే, గేటు వేసింది నేనే. గుంట నిండింది, మట్టి పరిచినారు, మొక్కలు నాటినారు. ఇంక కాపలా అక్కర్లేదన్నారు. సరే అన్నాను.

మొన్న రోడ్డు మీద ట్యాంకరు కోసం బిందెల వరసలో అక్క కనిపించింది. అలవాటు కొద్దీ అన్నాను. "ఏందక్కా, నా ఉద్యోగం ఊడగొట్టి ఇక్కడ నిలబడినావు?"

అక్క బిందెను కాలితో ముందుకు జరిపింది. నా వైపు చూడలేదు.

"గుంటను ఎవురూ ఎత్తుకపోరని నవ్వుతుంటివి గదబ్బా. ఎత్తుకపోయినారు చూడు."