సెల్ఫ్ గోల్

మా అన్నయ్య కలకత్తాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి డిఫెండర్‌గా ఆడేవాడు. గుంటూరు హాస్టల్లో ఉండగా నేర్చుకున్న ఆట అతన్ని అంత దూరం తీసుకెళ్లింది. సెలవులకి వచ్చినప్పుడల్లా నాన్న అడిగేది ఒకటే.

"ఈసారన్నా గోలు కొట్టావంట్రా?"

"నా పని కొట్టడం కాదు నాన్నా. అవతలోణ్ణి కొట్టనీకుండా ఆపడం."

"కావలి ఉద్యోగమన్నమాట. దానికి కలకత్తా దాకా ఎందుకురా? మన కళ్లం దగ్గర కూర్చోవచ్చుగా," అని నాన్న నవ్వేవాడు. అన్నయ్య కూడా నవ్వేవాడు, కానీ ఆ పూట అన్నం తింటూ తలెత్తేవాడు కాదు. క్లబ్బు గెలిస్తే గోలు కొట్టినవాళ్ల పేర్లు పేపర్లో పడేవి. వాటిలో అన్నయ్య పేరు వెతికేదాన్ని. ఉండేది కాదు.

నేను రోజూ ఊరి నుంచి బస్సులో గుంటూరు వెళ్లి డిగ్రీ చదివేటప్పుడు అతన్ని దేశం జట్టులోకి తీసుకున్నారు. మ్యాచ్ ఎక్కడో విదేశంలో. టీవీలో రాలేదు. మ్యాచ్ అయిన రెండోరోజు పొద్దున నాన్న టీకొట్టు నుంచి పేపరుతో సహా ఇంటికొచ్చేశాడు. ఆటల పేజీ అడుగున చిన్న వార్త. ఇండియా ఓడిపోయింది. అందులో అన్నయ్య పేరు, పక్కనే 'సెల్ఫ్ గోల్' అనే మాట.

"ఓడిపోతే పోయారు. మనవాడు కొట్టాడు!"

వాకిట్లో ట్రాక్టర్ ఆపిన పక్కింటాయన అడిగాడు. "సెల్ఫ్ గోలంటే ఏంది బావా?"

"నీ ట్రాక్టర్‌కి సెల్ఫ్ లేదూ? ఎవరూ తొయ్యకుండా దానంతటదే స్టార్టవుద్దిగా. అట్టాగే ఎవడూ బంతి అందించకుండా సొంతంగా కొట్టాడు."

ఊళ్లో ఆ అర్థమే ఖాయమైంది. నాన్న టీకొట్టులో అందరికీ పకోడీలు పెట్టించాడు.

ఆ మధ్యాహ్నం కాలేజీ లైబ్రరీలో ఇంగ్లీషు పేపరు చూశాను. పక్కకి తన్నబోయిన బంతి అన్నయ్య కాలి అంచుకి తగిలి మన గోల్లోకే పోయింది. మనవాళ్లు ఓడింది ఆ గోలుతోనే.

కలకత్తా చేరాక అన్నయ్య ఫోన్ చేశాడు. నాన్న శభాష్‌రా అని అరిచి, ఊళ్లో ఎవరేమన్నారో అంతా చెప్పి, ఫోన్ నాకిచ్చాడు.

"నేను ఇంగ్లీషు పేపరు చూశానన్నయ్యా," అన్నాను మెల్లిగా.

"నాన్నకి చెప్పకమ్మా."

దేశం జట్టు అతన్ని మళ్లీ పిలవలేదు. ఏడాది తిరక్కుండా క్లబ్బు కూడా వద్దంది. మిరపకాయలు కళ్లంలో ఎండుతున్న రోజుల్లో పెట్టె తీసుకుని ఇంటికొచ్చేశాడు.

కాయ చూడటానికి గుంటూరు నుంచి వచ్చిన వ్యాపారికి నాన్న అన్నయ్యని చూపించాడు. "మావాడండి. దేశం తరపున సెల్ఫ్ గోల్ కొట్టాడు."

ఆయన పకపకా నవ్వాడు. "అదేంటండీ, అంత గొప్పగా చెబుతున్నారు! సెల్ఫ్ గోలంటే మన గోల్లో మనమే కొట్టుకోటం." మా మొహాలు చూసి నవ్వు ఆపేశాడు. చేతిలో కాయని ఊరికే నలుపుతూ ఉండిపోయాడు.

ఆయన వెళ్లాక నాన్న అడిగాడు. "నిజమేనంట్రా?"

"నిజమే."

"అప్పుడే చెప్పొచ్చుగా. ఊరందరి ముందూ వాగాను గదరా."

"ఇన్నేళ్లు ఆడానా, నా ఆట చూసుకుని నువ్వు సంతోషపడింది ఆ ఒక్కరోజే నాన్నా."

నాన్న కళ్లంలో గొంతుక్కూర్చుని తాలు ఏరడం మొదలుపెట్టాడు. రంగుపోయి తెల్లబడ్డ కాయల్ని తీసి పక్కన పోస్తున్నాడు. అన్నయ్య కూడా ఎదురుగా కూర్చుని ఏరాడు. నేను మంచినీళ్ల చెంబుతో అక్కడే నిలబడ్డాను. కొంతసేపటికి నాన్న తలెత్తకుండానే అడిగాడు.

"నువ్వు ఆపినయ్యి ఎన్నుంటయ్‌రా?"

"అయ్యెవరూ లెక్కబెట్టరు నాన్నా."

నాన్న చేతిలోంచి ఎర్రటి మంచికాయ ఒకటి తాలు కుప్పలో పడింది. దాన్ని ఇద్దరిలో ఎవరూ తీయలేదు.