బడి తాత కోడిపుంజు, నా హాల్ టికెట్

ఆ రోజుల్లో నేను రెండు పత్రికలకు విలేకరిని. ఇలా చెబితే వినేవాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటారు కాబట్టి ఇప్పటికీ ఇలాగే చెబుతుంటాను. ఒకటి హనుమకొండలో నేను డిగ్రీ చదివిన కాలేజీ పత్రిక, రెండోది మా చర్చి పత్రిక. రెండూ నెలకోసారి నాలుగేసి పేజీలతో వచ్చేవి, రెండింటిలోనూ వార్తలు తప్ప అన్నీ ఉండేవి. కాలేజీ పత్రిక మొదటి పేజీ ప్రిన్సిపాల్ సార్‌ది. మొక్క నాటుతున్న సార్, ఆ మొక్కకు నీళ్లు పోస్తున్న సార్, ఆ మొక్క పక్కన నిలబడి భవిష్యత్తులోకి చూస్తున్న సార్ (మొక్క తర్వాత ఏమైందో రాయడానికి మాకు చోటు మిగిలేది కాదు). ఏ సభ గురించి రాసినా చివర 'విద్యార్థులు ఎంతో స్ఫూర్తి పొందారు' అని ఉండి తీరాలి. స్ఫూర్తి తట్టుకోలేక సగం మంది సభ మధ్యలోనే వెనక గోడ దూకి పోయేవాళ్లన్నది వేరే సంగతి.

చర్చి పత్రికకు సంపాదకుడు బడి తాత. రిటైరైన హెడ్మాస్టరు, సంఘ పెద్ద. మాకు చుట్టం కాదు కానీ మా పేటలో పిల్లలందరికీ ఆయన తాతే. ఆయన నియమం ఇంకా గట్టిది. ప్రతి వార్తా 'సంఘమంతా సంతోషించినది' అనే ముగియాలి. ఒకసారి ఒక ముసలామె జ్ఞాపకార్థ కూటం వార్తను కూడా నేను అలాగే ముగిస్తే, ఆమె కోడలు (నిజంగానే సంతోషించిందని పేటలో అనుకునేవారు) పత్రిక పట్టుకుని తాత ఇంటి మీదికి పోట్లాటకు వచ్చింది. "అది లోకం సంతోషం గాదు బిడ్డా, పరలోకం సంతోషం" అని తాత సర్దిచెప్పి పంపాడు. ఆ వాక్యం మాత్రం మార్చలేదు.

ఇంత శ్రమ నేను అక్షరాల మీది ప్రేమతో పడ్డానని చెప్పుకోవడం నాకూ ఇష్టమే. అసలు సంగతి హాజరు. కాలేజీ పత్రిక పేరు చెప్పి క్లాసులు ఎగ్గొట్టి తిరగడం వల్ల నా హాజరు ఘోరంగా పడిపోయింది. హాజరు లేకపోతే హాల్ టికెట్ లేదు, హాల్ టికెట్ లేకపోతే చివరి సంవత్సరం పరీక్షలు లేవు. అయితే పత్రిక పని చేసే పిల్లలకు ఆ లోటు మాఫీ చేస్తూ సంతకం పెట్టే అధికారం ప్రిన్సిపాల్ సార్‌కు ఉంది. రోగం తెచ్చిన పత్రికే మందు కూడా ఇస్తుందన్నమాట. కాబట్టి సార్ మనసు ఉల్లాసంగా ఉంచడమే ఆ యేడు నా చదువు.

సరిగ్గా అప్పుడే మా చర్చిలో కోత పండుగ వచ్చింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆ రోజు విశ్వాసులంతా తమ పంటలోంచో, పెరట్లోంచో ఏదో ఒకటి తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. మొక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు, పసుపు కొమ్ములు, సంచీ నిండా ఎర్ర మిరపకాయలు, గంపలో కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. వేలం పాడించేది మా మేనమామ. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరప వేలాల మధ్యే బతికిన మనిషి కాబట్టి, ఆయన నోటి వేగానికి కొత్తవాళ్లు ఏం కొన్నారో ఇంటికెళ్లాక గానీ తెలిసేది కాదు. ఆ ఏడు ముఖ్య అతిథిగా ఎవరైనా పెద్దమనిషిని పిలవాలని పాస్టర్ అయ్యగారు అంటే, "మా ప్రిన్సిపాల్ సార్ వస్తరు" అని నేనే ముందుకు దూకాను. ఒకే ఫొటో రెండు పత్రికల్లో వస్తుందంటే సార్ వెంటనే ఒప్పుకున్నారు.

"అతిథి కూడా ఏదో ఒకటి పాడాలె సార్, అది మా దగ్గర మర్యాద" అని ముందే చెప్పాను. "గుమ్మడికాయ పాడుతనమ్మా, మా మేడమ్‌కు పులుసు ఇష్టం" అన్నారు సార్. ఆయన మాంసం వాసన కూడా పడని మనిషి. కానీ గుమ్మడికాయ వంతు వచ్చినప్పుడు ఆయనకు ఎవరిదో ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చేసరికి గుమ్మడికాయలు, కంకులు, మిరపకాయలు అన్నీ అయిపోయి బడి తాత కోడిపుంజు ఒక్కటే మిగిలింది. నేనేమో సెల్‌ఫోన్ కెమెరా పట్టుకుని, ఫొటో పోతుందేమోనన్న కంగారులో, "సార్, ఇదే ఆఖరుది" అని ఆయన చెవిలో ఊదాను.

ఇక్కడ ఆ పుంజు సంగతి చెప్పాలి. దాని పేరు దొర. తాత భార్య, మేమంతా నాయనమ్మ అని పిలుచుకునే ఆమె, దాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి ఒళ్లో పెట్టుకుని నూకలు తినిపించి పెంచింది. ఒక కోత పండుగకు దాన్ని కానుకగా తెచ్చి, మళ్లీ మనసొప్పక తానే పాడి ఇంటికి తీసుకుపోయింది. ఆమె పోయాక తాత ఆ అలవాటు మానలేదు. ప్రతి ఏడూ దొరను తెచ్చి దేవుడి ముందు పెట్టడం, వేలంలో చివరి పాటగా తనే పాడి చంకన పెట్టుకుని ఇంటికి పోవడం. తాత పుంజు మీద ఇంకెవరూ పాట పెంచరు. ఇది ఎక్కడా రాసి లేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు.

తాత తన పాట పాడాడు. ప్రిన్సిపాల్ సార్ గంభీరంగా చెయ్యెత్తి దాన్ని పెంచారు. తాత బిత్తరపోయి కాస్త పెంచాడు. సార్ ఇంకా పెంచారు. అప్పుడు మావాళ్లు చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చప్పట్లు కొట్టారు. అతిథి కదా, కొట్టకపోతే ఏమనుకుంటారోనని. ఆ చప్పట్లకు సార్ మరింత ఉప్పొంగిపోయారు. మామ నావైపు చూశాడు, నేను పాస్టర్ అయ్యగారి వైపు చూశాను, ఆయన ఆకాశం వైపు చూశారు. చివరికి తాతే, "ఇంటికొచ్చిన సార్ మీద పోటీ ఏంది, సార్‌కే ఇయ్యి" అని కూర్చున్నాడు. కాళ్లు కట్టిన దొర కారు వెనక సీట్లో దొరలాగే వెళ్లిపోయింది. నేను ఫొటో తీశాను. చాలా బాగా వచ్చింది.

ఆ తర్వాత నా కలం విజృంభించింది. కాలేజీ పత్రికలో 'మూగజీవాలపై ప్రిన్సిపాల్ గారి అపార కరుణ' అని శీర్షిక పెట్టి, కత్తికి బలి కావలసిన పుంజును సార్ కాపాడి తమ క్వార్టర్స్‌లో సొంత బిడ్డలా పెంచుకుంటున్నారని రాశాను. విద్యార్థులు ఎంతో స్ఫూర్తి పొందారు. చర్చి పత్రికకు తాతను ఓదార్చినట్టు ఉంటుందని, 'ప్రాణప్రదమైన పుంజును పూర్ణ హృదయంతో సమర్పించిన సంఘ పెద్ద' అని రాశాను. నా రాతలో కామాలు వెతికి వెతికి దిద్దే తాత, ఆ కాగితం చదివి ఒక్క అక్షరం ముట్టకుండా తిరిగి ఇచ్చాడు. "చివరి మాట పెట్టలేదు తాతా" అన్నాను. "నీ ఇష్టమున్నట్టు రాసుకో బిడ్డా" అని లోపలికి వెళ్లిపోయాడు. రెండు వార్తలూ అచ్చయ్యాయి. ఇద్దరు పెద్దమనుషులనూ సంతోషపెట్టేశానని నేను పొంగిపోయాను.

దొరకు ఒక గుణం ఉంది. చర్చి పక్కన పెరిగింది కాబట్టి గంట మోగితే చాలు, గొంతెత్తి కూస్తుంది. ప్రిన్సిపాల్ క్వార్టర్స్ కాలేజీ ఆవరణలోనే ఉండేది. ఇక పీరియడ్ గంట మోగిన ప్రతిసారీ దాని వెనకే దొర కూత. కొన్నాళ్లకు దొర గంట కోసం ఎదురుచూడటం మానేసి తోచినప్పుడల్లా కూయడం మొదలుపెట్టింది. మా పిల్లలు కూత వినగానే పుస్తకాలు సర్దేవాళ్లు. పాఠం సగంలో ఉన్న లెక్చరర్లు, గంట తమకే వినపడలేదనుకుని వాళ్లూ సర్దేవాళ్లు. తెల్లారుజామున సంగతి సార్ కళ్ల కింద నలుపు చూస్తేనే తెలిసేది. స్టాఫ్ మీద, పిల్లల మీద, ఫైళ్ల మీద విరుచుకుపడుతున్నారు. నా హాజరు కాగితం ఆ ఫైళ్ల అడుగున ఉంది. ఇంట్లో చూస్తే అమ్మ ఇంకో కబురు చెప్పింది. "తాత బువ్వ సరిగ తింటలేడట. పొద్దుగాల లేచి ఖాళీ గంప దగ్గర నూకలు చల్లుతాండట. పూర్ణ హృదయమని నువ్వు అచ్చేయించినవ్, ఇగ ఏ ముఖంతోని అడుగుతడు? నీ రాతలు పాడుగాను." నాకు ఆ రోజు అన్నం సహించలేదు. నిజంగా ఏడుపొచ్చింది.

హాజరు కాగితాలకు సోమవారం ఆఖరు. శనివారం సాయంత్రం ధైర్యం చేసి క్వార్టర్స్‌కు వెళ్లాను. తలుపు తీసిన మేడమ్ నన్ను చూసి, "రామ్మా రిపోర్టర్. నీ అపార కరుణ అగో, అక్కడ కట్టేసి ఉన్నది" అని జామచెట్టు చూపించింది. దొర నన్ను గుర్తుపట్టి గట్టిగా కూసింది. లోపల్నుంచి సార్ మూలుగు వినిపించింది.

"సార్, నా అటెండెన్స్..." అని మొదలుపెట్టాను.

"నాకు నిద్ర లేదు, నీకు అటెండెన్సా?" అన్నారు సార్, తలకు తడి తువ్వాలు చుట్టుకుని బయటికొస్తూ. "దీన్ని ఎవరికన్న ఇచ్చేద్దామంటే సొంత బిడ్డ అని రాసి పెట్టినవ్. ఊరంతా చదివింది. సొంత బిడ్డను ఎవడన్న ఇచ్చేస్తడా? ఎవరి చేతిల పెట్టినా తెల్లారి కోసుకుని తింటరు, ఆ పాపం మళ్ల నాకే."

ఇక దాచి లాభం లేదని నాయనమ్మ నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. సార్ అలాగే మెట్టు మీద కూర్చుండిపోయారు.

"మరి ఆ రోజు ఒక్కరన్న చెప్పొద్దా? నేను పెంచుతుంటే చప్పట్లు కొట్టిండ్రు కదా!"

"గెస్టు కదా సార్."

"పోనీ, ఆ పెద్దాయన వచ్చి అడిగితే ఇవ్వనా నేను?"

"దేవుని ముందట పెట్టినదాన్ని నోటితోని అడగడు సార్. పైగా పూర్ణ హృదయంతోని ఇచ్చిండని చర్చి పేపర్ల రాసి ఉన్నది."

"అది రాసినోడెవడు?"

నేను తల దించుకున్నాను. మేడమ్ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "రెండు పేపర్లల్ల నువ్వేనా? ఎంత పని చేసినవమ్మా!" అంది. అన్నాక పైట చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. "సార్, మా దగ్గర ఎవరైనా, ఏ ఆదివారమైనా కృతజ్ఞత కానుక తేవచ్చు. తెచ్చినదాన్ని మళ్ల వేలం వేస్తరు. అప్పుడు ఇచ్చినట్టు ఉండదు, అడిగినట్టు ఉండదు" అన్నాను.

"కృతజ్ఞత దేనికని చెప్పాలె?" అన్నారు సార్ అనుమానంగా.

"మళ్ల నిద్ర పడుతదని చెప్పుండ్రి" అంది మేడమ్.

మర్నాడు ఆరాధన గంట మోగుతుండగా సార్, మేడమ్ చర్చిలోకి వచ్చారు. దొర సార్ చంకలో ఉంది. గంటకు జవాబుగా అది కూసిన కూతకు గుడి గోడలు దద్దరిల్లాయి. ముందు వరుసలో కూర్చున్న తాత వెనక్కి తిరగలేదు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అవి ఎంతకీ శుభ్రం కాలేదు.

వేలంలో తాత తన పాట పాడాడు. మావాళ్లంతా భయంతో సార్ వైపే చూస్తున్నారు. అంతమంది తన వైపు చూస్తే ఊరుకునే అలవాటు సార్‌కు లేదు. ఆయన చెయ్యి దానంతట అదే పైకి లేవబోయింది. మేడమ్ ఆ చేతిని లటుక్కున పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. మామ ఆ క్షణాన్ని వదల్లేదు. యార్డులో నేర్చిన విద్యంతా ఉపయోగించి, "ఒకటోసారిరెండోసారిమూడోసారి, తాతకే!" అని ఒక్క ఊపిరిలో ముగించాడు. అప్పుడు కొట్టిన చప్పట్లు ఎవరి మర్యాద కోసమూ కాదు. సార్ బయట కారు బానెట్ మీద పెట్టి నా హాజరు కాగితం మీద సంతకం చేశారు. "దీని గురించి మాత్రం ఏం రాయకు తల్లీ" అన్నారు.

రాయకుండా ఎలా ఉంటాను? జరిగింది జరిగినట్టు, చప్పట్లతో సహా అంతా రాశాను. కాలేజీ పత్రికలో ఆ చోట సార్ కొత్త మొక్క నాటుతున్న ఫొటో పడింది. తాత మాత్రం అరుగు మీద కూర్చుని, దొర కాళ్ల దగ్గర నూకలు ఏరుకుంటుండగా, మొత్తం చదివాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "మస్తు రాసినవ్ బిడ్డా. కానీ వెయ్యం" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన చేత్తో 'కోడిపుంజు ఒకటి కృతజ్ఞతార్పణగా వచ్చినది' అని ఒక్క ముక్క రాసి కలం నాకు ఇచ్చాడు. ఎవరూ చెప్పకుండానే నేను దాని కింద ఆ చివరి మాట చేర్చాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీ లోపలి పత్రికకు రాస్తుంటాను. 'ఉద్యోగులందరూ ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారు' అన్న వాక్యం నా వేళ్లు నన్ను అడక్కుండానే కొట్టేస్తాయి. అలా కొట్టినప్పుడల్లా, రెండు పత్రికలతో వరంగల్‌ను మార్చేద్దామని బయల్దేరిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, అది ఎంత రాసిందో! అందులో అచ్చయిన నిజం మాత్రం ఒక్కటే, ఆ రోజు తాత అరుగు మీద చేర్చిన మాట. సంఘమంతా సంతోషించినది.