తెల్లదాంట్లో తెల్ల పురుగు

ఉదయం ఆరు కావస్తోంది. సముద్రం మీంచి గాలి అడ్డంగా కొడుతోంది. అందులో సగం వాన, సగం మంచు. నాకు ఆకలి. లేవగానే ఏమీ తినబుద్ధి కాదు, చేపల ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కడుపు నకనకలాడుతుంది. తొమ్మిదింటి కాఫీ దాకా ఏమీ దొరకదు. జేబులో ఉన్న ఎండు చేప ముక్క నములుతూ చూరు కింద నిలబడ్డాను. అప్పుడే స్వావా కొండదారిన దిగుతూ కనబడింది. ఒక చెయ్యి గోడ మీద ఆనించి నడుస్తోంది.

ఆమెకి కారుంది. కంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చాక చీకట్లో నడపడం మానేసింది. ఎదురొచ్చే లారీ దీపాల చుట్టూ చక్రాలు కనబడుతున్నాయట. రోడ్డు ఎక్కడ అయిపోతుందో తెలియడం లేదట. చలికాలంలో మా ఊళ్ళో పనికి పోయేటప్పుడూ చీకటే, పని దిగేటప్పుడూ చీకటే.

"ఏంటి, ఇంకా చక్రాలేనా?" అన్నాను.

"ఇవాళ వీధి దీపానికి రెండు. పండగకి కట్టినట్టున్నాయి," అంది నవ్వుతూ.

అప్పటికింకా నవ్వేది.

స్వావా ఈ ఫ్యాక్టరీలోకి వచ్చేనాటికి నేను ఇంకా బడికి పోతున్నాను. తర్వాత నేను బడి మానేసి తొట్లు మోసే పనిలో చేరాను, ఇప్పటికీ అవే మోస్తున్నాను. ఆమెది కిటికీ పక్క మొదటి దీపం బల్ల. బల్ల పైన అద్దం, కింద ట్యూబు లైట్లు. తోలు తీసిన కాడ్ చేప ముక్కని ఆ అద్దం మీద పరిస్తే కండ లోపలంతా వెలుగుతుంది. లోపల ఎక్కడో తెల్ల పురుగు ఒకటి చుట్ట చుట్టుకుని ఉంటుంది. దాన్ని కత్తి మొనతో లాగి పారెయ్యాలి. పురుగు ఉండిపోయిన ముక్క ఏ ఊరి వంటింట్లోనో బయటపడితే ఆ సరుకంతా వెనక్కి వస్తుంది.

ఆ పనిలో స్వావాని మించినవాళ్ళు లేరు. పక్క బల్ల లోవాతో కబుర్లు చెబుతూనే, ముక్క వంక చూసీచూడనట్టు చూసి లాగేసేది. మా మేస్త్రీ హ్యాల్టి చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పనికి వస్తే కత్తి పట్టడం నేర్పింది కూడా ఆవిడే. మొగుడు దక్షిణం వైపు ఊళ్ళకి పనికి పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టాడు. పిల్లల్లేరు. తుంటి అరిగిపోయింది. దీపం బల్ల దగ్గరయితే ఎత్తు స్టూలు మీద కూర్చుని పని చెయ్యొచ్చు. ఆ బల్ల పోయిందంటే తొట్లు కడిగే దగ్గర నీళ్ళలో పొద్దస్తమానం నిలబడాలి. ఆమె భయమంతా అదే. అది అందరికీ తెలుసు.

కిందటి ఏడు ఆమె కళ్ళకి శుక్లాలు వచ్చాయి. చేప కండ పసుప్పచ్చగా కనబడుతోందని అనడం మొదలుపెట్టింది. రాజధానికి వెళ్ళింది. అక్కడి డాక్టరు, కంట్లో పెట్టే లెన్సులు రెండు రకాలున్నాయన్నాడట. ఒకటి పెడితే దూరం బాగా ఆనుతుంది, దగ్గర పనికి కళ్ళజోడు కావాలి. రెండోది దగ్గరా దూరం రెండూ చూపిస్తుంది, జన్మలో కళ్ళజోడు అక్కర్లేదు.

మా హాల్లో కళ్ళజోడు పెట్టుకుంటే ఎలా ఉంటుందో మాకు తెలుసు. చలికి ఆవిరి పట్టేస్తుంది. దాని మీద ఉప్పునీళ్ళు చింది ఎండిపోతాయి. తుడుద్దామంటే చేతికి చేప జిగురు. మాలో ఎవరిని అడిగినా రెండోదే అనేవాళ్ళం. స్వావా కూడా అదే అంది. ఏం పని చేస్తావని డాక్టరు అడిగాడట. చేపల ఫ్యాక్టరీ అని చెప్పింది. చేపలు కొయ్యడానికి ఈ చూపు చాలా ఎక్కువ అని నవ్వాడట. కింద దీపం పెట్టుకుని చూసే పని అని ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు.

తిరిగొచ్చిన మొదటి రోజు కాఫీ గదిలో పేపరు చేతులు చాచి చదివింది, ముక్కు దగ్గర పెట్టుకుని చదివింది. రేవులో పడవ మీద పేరు చదివింది. లోవా మొహం చూసి, "నీకు మీసాలొచ్చాయేంటే," అంది. అందరం నవ్వాం, లోవా తప్ప.

తర్వాత వెళ్ళి బల్ల దగ్గర కూర్చుని స్విచ్చి వేసింది. నేను తొట్టి దింపుతున్నాను. ఆమె ముక్క పరిచింది, తల అటు వాల్చింది, ఇటు వాల్చింది. లైటు ఆర్పి మళ్ళీ వేసింది.

"గేరీ, ఈ అద్దం ఎవరైనా మార్చారా?"

"ఎవరూ మార్చలేదు."

"పాలు ఒలికినట్టుంది," అంది మెల్లిగా.

లెన్సు వెలుగుని పంచి, కొంత దగ్గరికీ కొంత దూరానికీ ఇస్తుందట. బల్ల వెలుగు అలా చెదిరి కంట్లో మసకలా కమ్ముకుంటోంది. పేపరు మీద నల్లక్షరం తప్పించుకుని ఎక్కడికీ పోదు. తెల్ల కండలో తెల్ల పురుగు ఆ మసకలో కలిసిపోతోంది. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. అక్షరాల బోర్డు ఆఖరి వరస కూడా తప్పు లేకుండా చదివేసిందట. పడుచుపిల్ల కళ్ళమ్మా నీవి, మెదడు అలవాటు పడుతుందిలే అన్నాడట. ఇవి తీసేసి ఆ మొదటి రకం పెట్టండంటే, ఇప్పుడు కదిలిస్తే ఉన్న చూపుకే ముప్పు అని చెప్పి పంపేశాడు.

హ్యాల్టి ప్రతి బల్ల సరుకులోంచీ అప్పుడప్పుడూ ముక్కలు తీసి చూస్తాడు. స్వావా ముక్కల్లో పురుగులు తేలడం మొదలైంది.

"డాక్టరేమో పడుచు కళ్ళంటున్నాడు. మరి నీకేం రోగం?" అన్నాడు అందరి ముందూ.

"ఆయన చూపించేది నల్ల అక్షరాలు, హ్యాల్టి. నాక్కావలసింది తెల్లదాంట్లో తెల్లది."

"కనబడక కాదు, నువ్వు చూడక. కళ్ళు బాగుపడ్డాయి, ఒళ్ళు బద్ధకించింది."

లోవా ముక్కలు కోస్తూనే అందుకుంది. "నా మీసాలు కనబడతాయి బంగారానికి, పురుగులు కనబడవు."

ఆ మాట హాలంతా పాకింది. బల్ల పక్కనుంచి ఎవరు వెళ్ళినా మూతి మీద వేలు రాసుకుని వెళ్ళేవాళ్ళు. కిటికీ పక్క బల్ల మీద లోవాకి ఎప్పట్నుంచో కన్ను.

స్వావా చేతి తొడుగులు విప్పేసింది. చూపుతో కాకపోతే వేళ్ళతో పట్టుకుందామని. పురుగు ఉన్నచోట కండలో గింజలాగా గట్టిగా తగులుతుంది. కాని మంచులోంచి తీసిన చేప అది. కాసేపటికే వేళ్ళు కొయ్యముక్కలయ్యేవి. వాటిని చంకలో పెట్టుకుని వెచ్చబరుచుకుని మళ్ళీ తడిమేది. ఆమె ముందు ముక్కలు గుట్ట పడేవి. వెనకవాళ్ళు కత్తి పిడులతో బల్లల మీద కొట్టేవాళ్ళు, త్వరగా కానీమని.

ఒకరోజు కాఫీకి ముందు హ్యాల్టి తోలు తీసే యంత్రం ఆపించాడు. చేతిలో ఒక ముక్క ఉంది. తెచ్చి స్వావా అద్దం మీద పరిచాడు.

"ఇందులోది తీసి చూపించు. తీస్తే బల్ల నీది, ఇంక ఎవరూ నోరెత్తరు."

అందరం చుట్టూ చేరాం. ఆమె ఒంగి చూసింది. కళ్ళు మూసుకుని వేళ్ళతో తోక వైపు నుంచి తడుముకుంటూ వచ్చింది. మళ్ళీ తోక దగ్గరికి పోయింది. ఎవరో దగ్గారు.

"చెప్పు తల్లీ, కాఫీ చల్లారిపోతోంది," అంది లోవా.

స్వావా కత్తి తీసుకుంది. పొట్ట వైపు మందంగా ఉన్నచోట మొన దింపింది. ఏమీ రాలేదు. దాని పక్కన దింపింది. తర్వాత నడుమ చీల్చింది. చీల్చిన దాన్ని విప్పి, రెండు వైపులా వేలితో రాసి చూసింది. హ్యాల్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆపలేదు. ఆమె కోస్తూనే ఉంది. కండ రేకులు రేకులుగా విడిపోయింది. ఆఖరికి ఒక సన్నటి నరంపోగుని కత్తి మొన మీద ఎత్తి, "ఇదిగో," అంది.

హ్యాల్టి దాన్ని గోటితో చిమ్మేశాడు.

"అందులో ఏమీ లేదు. పొద్దున లోవా శుభ్రం చేసిన ముక్క అది."

నవ్వులు హాలు కప్పుకి తగిలాయి. లోవా ఆ తునకల్ని అరచేత్తో కూడదీసి పిల్లులకి పనికొస్తాయని డబ్బాలో వేసుకుంది. అందరూ కాఫీకి వెళ్ళిపోయారు. రొట్టె మీద గొర్రె మాంసం పెట్టారు. నేను రెండు తిన్నాను, ఆకలి అలా ఉంది. స్వావా రాలేదు.

మర్నాటినుంచి ఆమెకి తొట్లు కడిగే పని వేశారు. మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో నీళ్ళ పైపు. తుంటి లాగితే తొట్టి అంచు పట్టుకుని నిలబడేది. లోవా కిటికీ పక్కకి మారి, స్టూలు తన ఎత్తుకి తిప్పుకుంది. ఆ వారమంతా ఎవరూ ఆమెతో మాట్లాడలేదు, మూతి మీద వేలు రాసుకోవడం మాత్రం మానలేదు.

శుక్రవారం సరుకు బాగా వచ్చింది, తల ఎత్తడానికి లేదు. నేను తొట్టి లాక్కొస్తుంటే కాలి కింద నీళ్ళు తగిలాయి. తూము తునకలతో పూడి, నీళ్ళు బల్లల కిందికి వచ్చేస్తున్నాయి. కడిగే మూలకి వెళ్ళి చూశాను, స్వావా లేదు. పైపు నేల మీద పడి కొట్టుకుంటోంది. ఏప్రాన్ కొక్కేనికి వేలాడుతోంది, బూట్లు దాని కింద జతగా ఉన్నాయి. వెనక తలుపు వారగా తెరిచి ఉంది, లోపలికి మంచు పడుతోంది.

"ఎవరా పైపు వదిలేసింది? కట్టెయ్యండి," అని అరిచాడు హ్యాల్టి.

నేను కట్టాను. లోవా కాళ్ళు తడవకుండా స్టూలు మెట్టు మీదికి ఎత్తుకుని, ఇంకో ముక్క అద్దం మీద పరుచుకుంది.