వెల్డరు ఇంట్లో ఆక్సిజన్ మిషన్

మా ఆయన ముప్పై ఏళ్లు వెల్డింగ్ పని చేశాడు. చందాపుర షెడ్డుల్లో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఇనుము కోసేటప్పుడు పక్కనే ఆక్సిజన్ సిలిండర్ ఉండేది. ఆక్సిజన్ తగిలితే నూనె భగ్గుమంటుందని, నూనె చేత్తో దాని వాల్వు ముట్టుకున్నవాణ్ని ఆ రోజుకి పనిలోంచి పంపించేసేవాడట. అలాంటి మనిషికి ఊపిరితిత్తులు పాడై, పోయినేడు ఆక్సిజన్ ఇంటికే వచ్చింది.

గాలిలోంచి ఆక్సిజన్ తీసి, సన్నటి గొట్టంతో ముక్కుకి అందించే మిషన్ అది. కరెంటు పోతే వాడుకోవడానికి చిన్న సిలిండర్ ఒకటి ఇచ్చారు. పడిపోకుండా దాన్ని గోడకి గొలుసుతో కట్టాం. మిషన్ బిగించిన రోజు ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు అన్నీ చెప్పింది. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, ముక్కుకీ పెదాలకీ నూనె రాయకూడదు, మిషన్‌ని గోడకి ఆనించకూడదు, దాని మీద బట్టలు ఆరేయకూడదు. మాదేమో ఒకటే గది. స్టవ్వుని బయట మెట్ల దగ్గర పెట్టుకున్నాను. దేవుడి ముందు దీపం మానేసి చిన్న బల్బు పెట్టాను.

పొద్దున్నే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో రెండిళ్లలో వంట చేసి, బస్సులో నిలబడి వచ్చి, మళ్లీ మా ఇంట్లో వంట చేసేదాన్ని. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ మిషన్ రొద. ఆయాసం ఎక్కువైతే ఆయన “ఇంకొంచెం పెంచవే” అనేవాడు. “డాక్టర్ని అడక్కుండా ముట్టుకోను” అనేదాన్ని. రోజూ ఇదే మాట, ఇదే జవాబు.

ఒక మధ్యాహ్నం తలుపు తీయగానే వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. మిషన్ ఆపేసి ఉంది. ఆయన గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. మీసం సగం లేదు. చెంప ఎర్రగా కమిలింది. దుప్పటి అంచు నల్లబడింది.

“ఏమయిందయ్యా?”

గోడవైపే చూస్తూ మెల్లగా అన్నాడు. “బీడీ ముట్టించినా.”

మా ఆయనతో షెడ్డులో పనిచేశానంటూ ముందురోజు ఒకాయన చూడ్డానికి వచ్చాడు. బీడీ, అగ్గిపెట్టె ఇచ్చింది ఆయనే.

“గొట్టం ముక్కులోనే ఉందా?”

“తీసి ఒళ్లో పెట్టినా. మిషన్ ఆపలే. దుప్పట్లో అంతా ఆక్సిజన్ నిండిపోయి ఉండాది. పుల్ల గీస్తానే భగ్గుమన్నాది. చెంబులో నీళ్లుంటే గుమ్మరించి మిషన్ ఆపినా.”

“నీకు తెలియదా?”

“తెలుసు. నాకు తెలిసినంత ఎవురికి తెలుసు?”

తిట్టాలనే అనుకున్నాను. ఓపిక లేకపోయింది. భుజాన సంచి దించకుండానే గడపలో కూలబడ్డాను. ఆయన ఊపిరి ఎగపోస్తుంటే లేచి దుప్పటి, తడిసిన చొక్కా తీసి బయట పడేశాను. గొట్టం కొస కరిగి ఉంది, కొత్తది తగిలించి మిషన్ వేశాను. చెంప మీద చల్లటి నీళ్లు పోశాను. సిలిండర్ని నిలువుగా మోకాళ్ల మధ్య పట్టుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ముక్కు లోపల కాలలేదని డాక్టర్ చెప్పాక గాని నేను కూర్చోలేదు.

ఆ ఆదివారం, బీడీ ఇచ్చినాయన ఇంకొకర్ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. మా ఆయనే గుమ్మంలో ఆపాడు.

“జోబులో బీడీలుంటే బయట పెట్టి రాప్పా.”

వాళ్లు లోపలికి వచ్చాక చెంప చూపించాడు. గొట్టం చేతిలోకి తీసుకుని, ఆక్సిజన్ బట్టల్లో ఎలా పట్టుకుంటుందో, మిషన్ ఆపేసినా కాసేపు ఎందుకు పోదో, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ వివరించాడు. ఇచ్చినాయన తల దించుకుని విన్నాడు. మా ఆయన అతన్ని ఒక్క మాట అనలేదు. తప్పంతా తనదేనన్నాడు.

వాళ్లు వెళ్లాక నేను చాప మీద నడుం వాల్చాను. కళ్లు తెరిచేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. మిషన్ ఫిల్టరు కడగడం నా పని. ఆ వేళ ఆయనే కడిగి ఆరబెట్టి, ఇంట్లో ఉన్న రెండో ఫిల్టరు తగిలించి కూర్చున్నాడు. నేను గబుక్కున లేవబోయాను.

“పండుకో,” అన్నాడు. “ఇంకా పొద్దుండాది.”