పదహారు దగ్గర ఆగని మామయ్య

పదహారు వచ్చిందంటే మామయ్య ఆగడు. బతిమాలినా ఆగడు, కాళ్ళ మీద పడినా ఆగడు. బ్లాక్‌జాక్ ఆటలో తన చేతిలో పదహారుండి, పంచేవాడి ముందు పది కనబడుతుంటే ఇంకో ముక్క అడిగి తీరతాడు. ఇరవై ఒకటి దాటితే ఓడినట్టని ఆయనకీ తెలుసు. అయినా అడుగుతాడు, దాటిపోతాడు, ఆ మీదట కాలరు సర్దుకుంటాడు. మూడు వారాల్లో వీధి వీధంతా ఆయన్ని టైలరు మాస్టారు అనడం మానేసి పదహారు మామయ్య అనడం మొదలుపెట్టింది.

ఆయన షాపులోనే పనిచేసే మేనకోడలికి ఇది చూస్తుంటే ఒళ్ళు మండిపోయేది.

మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే కటింగ్ బల్ల మీద ఆట. పందెం చొక్కా గుండీలు. పంచేది ఎదుటి సెలూనాయన. వయసులో ఉండగా ఓడలో పనిచేస్తూ నేర్చుకున్నాడట. నవ్వడానికి పక్కనున్న గడియారాల షాపాయన. ఓడడానికి మామయ్య.

"పదీ ఆరూ, పదహారు. ఆగుతారా మాస్టారూ?"

"ముక్క పడెయ్!"

"నా ముందు రాజు కూర్చున్నాడండీ, పది కింద లెక్క."

"కూర్చోనీ! నేను లేచి దణ్ణం పెట్టాలా? పడెయ్!"

తొమ్మిది పడింది. గడియారాలాయన బల్ల చరిచి మరీ నవ్వాడు.

"మళ్ళీ మునిగారు!"

"మునిగితే మునిగాను. ఆడింది సరిగ్గానే ఆడాను కదా!"

ఆయన ధైర్యమంతా గోడ మీదుంది. కొలతల పట్టిక తగిలించే మేకుకి, దాన్ని పీకేసి, ఖాకీ కాగితం మీద సుద్దతో గీసిన ఇంకో పట్టిక తగిలించాడు. అడ్డంగా పంచేవాడి ముక్క, నిలువుగా మన మొత్తం, గడిగడికీ ఆగు, తియ్యి, విడదియ్యి అని ఆజ్ఞలు. ఓ రోజు ఒక భారీ మనిషి ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"నా నడుం నలభై రెండండీ. ఇందులో ఎక్కడా లేదే?"

"ఇరవై ఒకటి దాటితే పోయినట్టే," అన్నాడు మామయ్య, ముక్కల మీంచి తలెత్తకుండా.

ఆ మనిషి మళ్ళీ ఆ వీధి మొహం చూస్తే ఒట్టు.

ఆట మేనకోడలికీ నేర్పించాడు. ఆ పిల్ల చేతిలో అప్పుడు వేరే పనేం లేదు. ఆ నెల మొదట్లో ఒక లెక్చరరు గారి కోటు గుడ్డని పద్ధతి ప్రకారం తడిపింది, ఆరబెట్టింది, రెండుసార్లు కొలిచింది, కత్తిరించింది. కుట్టాక ఆవిరి ఇస్త్రీ తగిలేసరికి ఆ దొంగ గుడ్డ ఇంకోసారి ముడుచుకుంది. లెక్చరరు గారు తొడుక్కుంటే చేతులు మోచేతుల దాకా లేచాయి. అంతే, కత్తెర బల్ల మీద పెట్టేసింది. "నా చెయ్యి మంచిది కాదు మామయ్యా. నెలాఖరుకి మానేస్తాను. రెడీమేడ్ షాపులో మడతలు పెట్టుకుంటూ బతుకుతాను," అంది. ఆ తర్వాతే మామయ్యకి ఈ పేక పిచ్చి పట్టుకుంది. అందుకే ఆ పిల్లకి మరీ కడుపుమంట.

"ఎనిమిదులు రెండొస్తే?" అని పరీక్ష పెట్టేవాడు మామయ్య.

"విడదీసి రెండు ఆటలుగా ఆడాలి."

"పన్నెండుండి అవతల ఆరుంటే?"

"ఆగాలి."

"పదహారుండి అవతల పదుంటే?"

"ఆగుతాను! తీస్తే ఓడిపోతాం కదా!"

"ఆగినా ఓడిపోతామే పిచ్చిదానా, చాలాసార్లు పంచేవాడి మొత్తమే ఎక్కువొస్తుంది. ఎటూ ఓటమే ఎక్కువ. తీస్తే ఓ పిసరు తక్కువ."

"ఆ పిసరు కోసం వీధిలో పరువు తీసుకుంటారా?"

"పరువు గెలుపులో ఉందని ఎవడు చెప్పాడే నీకు?"

నెలాఖరు రానే వచ్చింది. ఆఖరి రోజు మామయ్య దారాలు కొనడానికి వెళ్ళాడు. సెలూనాయన ముందుగా వచ్చి పేక కలుపుతున్నాడు.

"మీకు పుణ్యముంటుంది, ఈ ఆట ఆపెయ్యండి," అంది మేనకోడలు. "ముసలితనంలో మా మామయ్యకి పేక అంటించారు."

సెలూనాయన కలపడం ఆపేశాడు.

"నేనా? ఆయనకి పేకంటేనే అసహ్యం తల్లీ! కోటు పాడైన మర్నాడు పొద్దున్నే నా కుర్చీలో కూర్చుని ఒకటే అడిగారు. 'సరిగ్గా ఆడినా ఓడిపోయే ఆట ఏదైనా ఉంటే నేర్పవోయ్' అని. ఎనిమిది రోజులు వరసగా గడ్డానికొచ్చారు. గియ్యడానికి అక్కడ గడ్డమేదీ? ఉత్త నురగ పూసి పట్టిక అప్పజెప్పించుకున్నాను."

ఆ పిల్ల గోడ వైపు చూసింది. పదహారు వరసలో, పది కిందున్న గడిలో సుద్ద మళ్ళీ మళ్ళీ దిద్ది ఉంది.

మామయ్య వచ్చాడు. ముక్కలు పడ్డాయి. మేనకోడలికి తొమ్మిదీ ఏడూ. పంచేవాడి ముందు పది.

"ఆగుతుందిలే, ఎప్పుడూ ఆగేదే కదా," అన్నాడు గడియారాలాయన.

"పడెయ్యండి!"

రాణి పడింది. ఇరవై ఆరు. గడియారాలాయన నవ్వు వీధి చివరి దాకా వినబడింది.

"నవ్వండి, బాగా నవ్వండి!" అంది ఆ పిల్ల లేచి నిలబడి. "ఆడింది సరిగ్గానే ఆడాను. మళ్ళీ పదహారొస్తే మళ్ళీ తీస్తాను. ఇక జరగండి, నాకు బల్ల కావాలి!"

ముక్కలూ గుండీలూ ఒక్క ఊపున పక్కకి నెట్టి, లెక్చరరు గారి కోసం మామయ్య కొత్తగా కొనిపెట్టిన గుడ్డ పరిచింది. సుద్దతో గీత గీసింది. కత్తెర కరకరమంటూ నడిచింది.

మామయ్య ఏమీ ఎరగనట్టు ఖాకీ కాగితం పీకి చుట్టచుట్టాడు. "పీడా పోయింది," అని సెలూనాయన చెవిలో గొణిగాడు. "ఇక జన్మలో పేక ముట్టను."

"ఏం చేస్తున్నారు మామయ్యా?" కత్తెర ఆపకుండానే అరిచింది మేనకోడలు. "తగిలించండి దాన్ని! రేపు మధ్యాహ్నం నా గుండీలు నాకు రావాలి!"

మామయ్య నిట్టూర్చి మేకు వెతుక్కున్నాడు.